ఒకటికి ముప్పై రెండు

పోయినవి మూడు. ఐదో నెలలో ఒకటి, ఏడో నెలలో ఒకటి, తొమ్మిది నిండాక ఒకటి. కలిపితే ఇరవై ఒక్క నెలలు నా భార్య మోసింది, ఇంటికి ఎవరూ రాలేదు. ఇవి పెద్ద అంకెలు. చిన్నవి కూడా ఉన్నాయి. మొక్కుకుని కొట్టిన కొబ్బరికాయలు నలభై. నా తలనీలాలు రెండుసార్లు. రెండోసారి తర్వాత నుదుటి దగ్గర జుట్టు మళ్లీ సరిగ్గా మొలవలేదు కాబట్టి దాన్నీ నష్టం కిందే రాసుకున్నాను. పాత చీరలు చింపి ఆవిడ కుట్టిన బొంతలు మూడు, ఒక్కొక్కటే పక్క క్వార్టర్ల పిల్లల కిందికి వెళ్లిపోయాయి. ఆవిడ నాతో మాట్లాడని రోజులు మొదటిసారి పన్నెండు, రెండోసారి ముప్పై, మూడోసారి తొంభై నాలుగు.

ఇంత లెక్క ఎందుకని అడుగుతారేమో. కొందరికి గోళ్లు కొరికే అలవాటు ఉంటుంది. నాకు ఇది ఉంది.

లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పాను, అందులో ఒకసారి లెక్కల్లోనే తప్పాను. తర్వాత అట్టలూడిన ఎక్కాల పుస్తకం ఒకటి, గుత్తేదారు పారేసిన కొలతల పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని నాకు నేనే మాస్టారినయ్యాను. భిన్నాలు, వడ్డీలు, మట్టిపని ఘనపుటడుగులు, అంకశ్రేఢులు అన్నీ నోటికి వచ్చాయి. కొరాపుట్ కొండల్లో కొత్త రైలుదారి వేస్తున్న రోజుల్లో కూలీల క్యాంపులో టైమ్‌కీపర్‌గా చేరాను. ఆ పని అయిపోయాక సెమిలిగుడ దగ్గర ఫ్యాక్టరీ టైమాఫీసులో కుదురుకున్నాను. అక్కడ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మనవాళ్లే ఎక్కువ. ఎవరికి ఏ లెక్క తేలకపోయినా నా క్వార్టర్ తలుపు తట్టేవారు. పేరు మానేసి అందరూ లెక్కలబాబు అనేవారు. ఆ బిరుదు నన్ను చెడగొట్టింది. అంకె కనబడితే చాలు, దాని అర్థం నాకు తెలిసినట్టేనని నమ్మాను.

రెండోది ఏడో నెలలో పోయినప్పుడు ఇంట్లో ఆడవాళ్లు ఏడుస్తున్నారు. నేను గోడ వైపు తిరిగి ఐదు, ఏడు అనుకున్నాను. తేడా రెండు. తర్వాతి పదం తొమ్మిది. నాకు ఎంత ఊరట కలిగిందంటే, ఆ రాత్రే ఆవిడకు చెప్పేశాను.

"ఏడవకు. వచ్చేసారి నిండు నెలలకు వెళ్తుంది. ఇది అంకశ్రేఢి."

"ఏటది?"

"ప్రతిసారీ రెండు నెలలు పెరుగుతోంది. ఐదు, ఏడు, ఇక తొమ్మిదే."

"నీ శేడిని పొయ్యిలో ఎట్ట," అని ఆవిడ అటు తిరిగి పడుకుంది. ముప్పై రోజుల మౌనం అక్కడినుంచే మొదలు.

మూడోసారి నా లెక్క తప్పలేదు. తొమ్మిది నిండాయి. బిడ్డ ఏడవలేదు. బిడ్డను గుడ్డలో చుట్టి నా చేతికిచ్చే లోపల, ఒక్క క్షణం, చెప్పానా లేదా అన్న గర్వం నా ఒంట్లో మెదిలింది. దుఃఖం దాని వెనక వచ్చింది. ఆ వరస మార్చి రాసుకోవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ వచ్చిన వరస అది.

నాలుగోసారి ఆవిడ నీళ్లోసుకున్నప్పుడు నా శాస్త్రం ఆగిపోయింది. తర్వాతి పదం పదకొండు. పదకొండు నెలలు మనిషికి ఎక్కువ, ఏనుగుకు తక్కువ. నేను నోరు మూసుకుని ఉండగా, ఫ్యాక్టరీ డిస్పెన్సరీ నర్సమ్మ ఆవిణ్ని దారిలో ఆపింది.

"మూడు పోయినాక కూడా ఇక్కడ కూకుని ఏటి సేస్తన్నారు? మొగుడూ పెళ్లాలు కొరాపుట్ ఎల్లి పెద్దాసుపత్రిలో రక్తం సూపించుకోండి. సూలు నిలవనోల్లకి ఇప్పుడు పరీచ్చ ఉంది."

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒడియా ఆవిడ. తెలుగు వచ్చీ రానట్టు మాట్లాడేది, కానీ వినడం బాగా వినేది. ఏ నెలల్లో పోయాయని అడిగింది. నా భార్య నోరు తెరిచేలోపే నేను చెప్పాను.

"ఐదు, ఏడు, తొమ్మిది."

రాస్తున్న కలం ఆగింది. "మళ్లీ చెప్పండి."

"ఐదు, ఏడు, తొమ్మిది. అంకశ్రేఢి."

ఆవిడ తలెత్తి నా భార్యను చూడలేదు, నన్ను చూసింది. నా శ్రేఢి ఆవిడకు ఎప్పుడో తెలుసు. ఒక రోగం లోపల దాగి ఉన్న తల్లికి కడుపులు ఇలాగే మెట్లు మెట్లుగా, ఒక్కోసారి ఒక్కో మెట్టు ఆలస్యంగా పోతుంటాయట. పుస్తకాల్లోనే ఉందట. నేను రెండేళ్లుగా ఇంట్లో ఓదార్పుగా చెబుతున్నది ఆ రోగం ఆనవాలు. ఇద్దరూ రక్తం ఇవ్వండి అంది.

"నాదెందుకమ్మా? కడుపు ఆవిడది కదా," అన్నాను.

డాక్టరమ్మ దూది తీసి నా మోచేతి మడత తుడిచింది.

వారం తర్వాత కాగితాలు వచ్చాయి. ఆవిడది 1:32. నాది 1:16. రోగం సిఫిలిస్. మన పల్లెల్లో సవాయి అంటారు. ఎప్పుడైనా కింద పుండు వచ్చిందా అని డాక్టరమ్మ అడిగింది. నా భార్య పక్కనే కూర్చుని ఉంది. వచ్చిందని చెప్పాను.

రైలు క్యాంపులో ఉండగా, పెళ్లికి ఏడాది ముందు వచ్చింది. నొప్పి లేదు. సెమిలిగుడలో ఒక కాంపౌండరు రోజుకో పెన్సిలిన్ సూది చొప్పున పది రోజులు వేయించుకోమన్నాడు. క్యాంపు నుంచి సెమిలిగుడ ఆరు మైళ్లు, రానూ పోనూ పన్నెండు. నాలుగో రోజుకు పుండు మాడిపోయింది. నలభై ఎనిమిది మైళ్లలో తగ్గిన రోగానికి నూట ఇరవై మైళ్లు నడవడం లెక్క తెలిసినవాడి పని కాదనుకుని మానేశాను. డెబ్బై రెండు మైళ్లు మిగిల్చానని క్యాంపులో గొప్పగా చెప్పుకున్నాను కూడా, ఏ రోగానికో చెప్పకుండా.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఆ పుండు మందు వేసినా మానుతుంది, వేయకపోయినా మానుతుంది. మానిన పుండును చూసి మందు ఆపకూడదు. రోగం రక్తంలోకి దిగి కూర్చుంటుంది, అక్కడినుంచి భార్యకు, ఆమె నుంచి కడుపులో బిడ్డకు. నేను వింటూనే డెబ్బై రెండును మూడుతో భాగించాను. బిడ్డకు ఇరవై నాలుగు మైళ్లు. భాగించకుండా ఉండగలిగితే బాగుండేది, చేతకాలేదు.

అప్పుడు డాక్టరమ్మ అడిగింది. "కేతే జణ? పెళ్లికి ముందు ఎంతమంది? వాళ్లకి కూడా మందు కావాలి. పేర్లు నాకు వద్దు. చీటీలు ఇస్తా, మీరే తీసుకెళ్లి ఇవ్వండి. చీటీ చూపిస్తే చాలు, ఎవరూ ఏమీ అడగరు."

"గుర్తు లేదమ్మా," అన్నాను.

ఆసుపత్రిలో అడుగుపెట్టాక మొదటిసారి నా భార్య నవ్వింది. మంచి నవ్వు కాదు. "గుర్తు లేదట డాక్టరమ్మా! మా పెల్లిలో ఎన్ని ఇస్తరాకులు లేచేయో ఇప్పటికీ సెప్తాడు. పెల్లికి ముందుది మాత్రం గుర్తు లేదట."

డాక్టరమ్మ రెండు ఖాళీ చీటీలు బల్ల మీద పెట్టి, గుర్తొచ్చినప్పుడు తీసుకోండి అంది. నేను తీసుకోలేదు.

బస్సులో ఆవిడ కిటికీ వైపు కూర్చుని, మధ్యలో సంచీ పెట్టింది. బస్సు కొండదారి దిగింది. తర్వాత అడిగింది.

"అయితే మూడూ నీ సలవేనా?"

"వైద్యం ప్రకారం చూస్తే..."

"సూడకు."

నేను ఓదార్చక ఆగలేను. "భయపడాల్సినంత లేదు. నీది ఒకటికి ముప్పై రెండు. అంటే ముప్పై రెండో వంతు. రూపాయికి అరణా. నాది పదహారో వంతు, అణా. నా రోగం నీదానికి రెండింతలు. నీకు చాలా తక్కువే."

ఆవిడ నావైపు తిరిగింది. "అరణా రోగానికే మూడు పోయేయేటి మావా?"

ఆ ప్రశ్న దగ్గర నా లెక్క తప్పని నాకు తెలియాల్సింది. తెలియలేదు.

సూదులు వారానికొకటి, మూడు వారాలు. ఈ సూది కొత్త రకం, రోజూ రానక్కర్లేదు, ఒకసారి వేస్తే మందు రోజుల తరబడి ఒంట్లో కరుగుతూనే ఉంటుందని చెప్పారు. నా పాత పది రోజుల నడక ఇప్పుడు మూడు బస్సు ప్రయాణాలైంది. సీసాలో మందు గేదెపాలలా చిక్కగా ఉంది. చీటీ మీద ఇరవై నాలుగు లక్షల యూనిట్లు అని రాసి ఉంది. కుడివైపు పన్నెండు లక్షలు, ఎడమవైపు పన్నెండు లక్షలు. నా జీతంలో, నా ఆస్తిలో, నా కలల్లో కూడా లక్ష అన్న అంకె ఎప్పుడూ లేదు. ఆ గౌరవం నా పిరుదులకు మాత్రం దక్కింది. మూడు వారాలకు డెబ్బై రెండు లక్షలు. తర్వాత రెండు రోజులు టైమాఫీసులో నిలబడే పని చేశాను. ఏమైందంటే మొలలు అన్నాను. అయ్యో అని అందరూ తలొక చిట్కా చెప్పారు. ఆవిడ మూడు సూదులకూ మాట లేకుండా పడుకుంది, లేచింది, చీర సర్దుకుని బస్సెక్కింది. మందు పూర్తయి, డాక్టరమ్మ సరేననేదాకా దూరంగా ఉండమన్నారు. నా భార్య ఆ నియమం అప్పటికే పెట్టింది, ఇంకా గట్టిగా.

ఏడో నెలలో రక్తం మళ్లీ తీశారు. ఆ నెల మీద మా ఇద్దరికీ భయం. పగలు ఆవిడ మామూలుగానే ఉండేది, కానీ కూర కలుపుతూ కలుపుతూ ఆగి, పొట్ట మీద చెయ్యి పెట్టి, లోపల కదిలేదాకా నిలబడిపోయేది. కదిలితే గరిటె మళ్లీ తిరిగేది. ఫలితం తేవడానికి నేను ఒక్కణ్నే వెళ్లాను. కిటికీలోంచి కాగితం ఇచ్చారు. డాక్టరమ్మ ఆ రోజు లేదు. ఉన్నా అడిగేవాణ్ని కాదేమో. కాగితం మీద ఉన్నది అంకె, నేను లెక్కలబాబును.

1:8.

ముప్పై రెండో వంతు ఎనిమిదో వంతైంది. అరణా రెండణాలైంది. రోగం నాలుగింతలు పెరిగింది. ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుండిపోయాను. లక్షల యూనిట్లు పొడిచి పొడిచి రోగాన్ని మేపారు. బిడ్డ ఇంకా కదులుతోంది. ఎన్నాళ్లు కదులుతుంది?

ఇంటికి రావాల్సినవాణ్ని సెమిలిగుడలో దిగకుండా అదే బస్సులో పొట్టంగి పోయాను. అక్కడ సంతలో మూలికలు పరుచుకుని కూర్చునే వైద్యుడొకడు సవాయికి రసం మాత్రలు ఇస్తాడని క్యాంపు రోజుల్లో విన్నాను. పాదరసంతో కట్టిన మాత్రలు. నలభై రోజులు, ఉప్పూ పులుపూ లేని పథ్యం. అప్పట్లో సూదికి పన్నెండు మైళ్లు నడవడానికి బద్ధకించాను, ఇప్పుడు దీనికి పరుగున పోయాను. అతను నా ముఖం చూసి ఎవరికని అడిగాడు. కడుపుతో ఉన్న మనిషికి అని చెప్పలేదు. చెబితే ఇవ్వడేమోనని భయం. భయపడ్డానంటే లోపల ఎక్కడో తెలిసే ఉండాలి.

పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆవిడ విప్పి చూసింది.

"ఇయ్యేటి?"

"మందు. ఆసుపత్రి సూదులు తిరగబడ్డాయి. రోగం నాలుగింతలైంది."

"డాక్టరమ్మ సెప్పిందా?"

"ఆవిడ లేదు. కాగితం మీద ఉంది."

"కాయితం మీద పెరిగిందని రాసేరా?"

"అంకె రాశారు. పెరిగిందని లెక్క చెబుతోంది."

"ఆ లెక్క కట్టిందెవులు?"

"నేనే."

ఆవిడ పొట్లం మళ్లీ మడిచింది. ఎందుకో చాలా నెమ్మదిగా, మూలలు కలిసేలా మడిచింది. "మావా, నువ్వు ఇంతకు ముందు మూడు లెక్కలు సెప్పేవు. అయి మూడూ నాను మోసేను. నాలుగోది నానడిగి తెలుసుకుంటాను. రేపు పొద్దుటి బస్సుకి నన్ను తీసుకెల్లు. ఆ కాయితం రాసినోడినే అడుగుతాను."

"ఏడో నెలలో బస్సు ఎక్కకూడదు. ఆ కుదుపులు..."

"నువ్వు తెచ్చిన మాత్రల కంటే బస్సే మంచిది. పడుకో."

మర్నాడు రక్తం పరీక్షల గదికి వెళ్లాం. అక్కడి టెక్నీషియన్ సాలూరు వైపు మనిషి. ఆవిడ పొట్ట చూసి స్టూలు జరిపాడు.

"కూకో సెల్లెమ్మా. ఏటి సంగతి?"

"ముందు ముప్పై రెండు అన్నారు. ఇప్పుడు ఎనిమిది అంటన్నారు. మా ఆయన రోగం పెరిగిందంటన్నాడు. పెరిగిందా, తగ్గిందా? ఆ ఒక్కటీ సెప్పు."

"పెరిగిందని ఎవులన్నారు?" అతను నావైపు చూశాడు.

"ఎనిమిదో వంతు ముప్పై రెండో వంతుకు నాలుగింతలు కదా," అన్నాను. నా గొంతు నాకే టైమాఫీసు గొంతులా వినిపించింది.

అతను సన్నటి గాజుగొట్టాల చట్రం ఒకటి మా ముందు పెట్టాడు. రక్తం మీద తేరిన తేటను తీసుకుంటాం. అందులో అంతే ఉప్పునీళ్లు కలిపితే రెండింతల పలచన. దాంట్లోంచి తీసి మళ్లీ అంతే కలిపితే నాలుగు. తర్వాత ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. ఏ గొట్టందాకా రోగం జాడ కనబడుతుందో ఆ అంకె రాస్తాం అన్నాడు. నేను నోట్‌బుక్కు తీసి రెండు, నాలుగు, ఎనిమిది అని రాసుకుంటున్నాను. గుణశ్రేఢి అని కూడా పక్కన రాశాను.

నా భార్య అప్పటికే లేచి నిలబడింది.

"అంటే సింతపండు పులుసన్నమాట. ముప్పై రెండు గిన్నెల నీల్లు పోసినా పుల్లగుంటే అది సిక్కటి పులుసు. ఎనిమిదింటికే సప్పబడిపోతే పలచన. మొదట ముప్పై రెండుకి గాని సావలేదు. ఇప్పుడు ఎనిమిదికే సచ్చిపోతంది. తగ్గినట్టే గదా అన్నా?"

"తగ్గినట్టే సెల్లెమ్మా. సాలా బాగా తగ్గినట్టు."

"కానీ భిన్నం ప్రకారం..." అన్నాను.

"బావూ," అన్నాడతను, కోపం లేకుండా, "అది భిన్నం కాదు. ఎన్ని నీల్లకు లొంగిందో ఆ లెక్క. ఇన్నేల్లలో ఈ గదికి సదువుకున్నోల్లు వచ్చేరు, రానోల్లు వచ్చేరు. తగ్గిన రోగాన్ని కూకుని గుణించి పెంచినోడివి నువ్వొక్కడివే."

ఆవిడ కొంగు ముడి విప్పి పొట్లం బల్ల మీద పెట్టింది. "ఇయ్యి కూడా సూడు."

అతను ఒక మాత్ర చిదిమి చూసి ముఖం ముడిచాడు. "రసం. మా తాతకి ఇదే ఇచ్చేవోరు. నోట్లో పల్లన్నీ ఊడిపోయేయి, రోగం మాత్రం పోలేదు. కడుపుతో ఉన్న మనిసికి ఇదెవులిచ్చేరు?"

నా భార్య నన్ను చూసింది. చూసి, "సంతలో అమ్ముతన్నారు," అంది. అంతవరకే చెప్పింది. ఆ దయ నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అతను వాటిని ఒక సీసాలో వేసి మూత బిగించాడు.

ఏడో నెల దాటింది. తొమ్మిది నిండాయి. కొరాపుట్ ఆసుపత్రిలోనే ఆడపిల్ల పుట్టింది, పుట్టీ పుట్టగానే వార్డంతా వినబడేలా ఏడ్చింది. నేను వేళ్లు లెక్కపెట్టాను. పంతొమ్మిది వచ్చాయి. వార్డు నర్సమ్మను పిలిచాను. ఆవిడ వచ్చి బిడ్డ ఎడమ పిడికిలి విప్పి, లోపలికి మడిచిన బొటనవేలు బయటికి తీసి చూపించి వెళ్లిపోయింది. మంచం మీంచి నా భార్య మాత్రం అంది. "ఒలమ్మీ, మీ అయ్యకి నువ్వు కూడా ఒకటి తక్కువొచ్చేవే!"

బిడ్డ రక్తం కూడా తీశారు. 1:2 వచ్చింది. రూపాయికి ఎనిమిదణాలు అని లెక్క కట్టేశాను, తర్వాత పులుసు గుర్తు తెచ్చుకుని నిలబడ్డాను. అది తల్లి నుంచి వచ్చిన జాడ కావచ్చు, చూస్తూ ఉందాం అన్నారు. మూడు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి చూశారు. ఆరో నెల కాగితం మీద అంకే లేదు, ఏమీ లేదని రాశారు. అంకె లేని కాగితం నాకు సంతోషం ఇవ్వడం అదే మొదలు.

అప్పటికే నా భార్య మా క్వార్టర్ల వరసలో కొత్త పని పెట్టుకుంది. ఎవరు నీళ్లోసుకున్నా మూడో నెల దాటకముందే రెక్క పట్టుకుని కొరాపుట్ బస్సెక్కించేది. "రక్తం సూపించుకో అమ్మి. పులుసు సిక్కగుందో పలచగుందో సూస్తారు, అంతే," అనేది. వాళ్ల మొగుళ్లు నాకు ఫిర్యాదు చేసేవాళ్లు. పదకొండు మందిని తీసుకెళ్లింది. ఇద్దరికి మందు పడింది. ఎవరో నాకు చెప్పలేదు, నేను రెండుసార్లు అడిగినా.

బిడ్డ కాగితం తెచ్చిన రోజు ఆవిడ పాలిస్తూ, తలెత్తకుండా అడిగింది.

"మావా, ఎంతమంది?"

దేని గురించని అడిగే ధైర్యం నాకు లేదు. "ఇద్దరు."

"ఎవులు?"

చెప్పాను. ఒకామె విశాఖపట్నంలో. గుత్తేదారు పని మీద వెళ్లినప్పుడు ఒక్క రాత్రి, పేరు కూడా తెలియదు. రెండో ఆమె క్యాంపులో ఇడ్లీ హోటలు నడిపేది. నెల్లిమర్ల వైపు మనిషి, మొగుడు వదిలేసినామె. ఆమెతో ఐదారు నెలలు. రోగం ఆమె వల్లే వచ్చిందని నేను అప్పుడే తేల్చేశాను. పుండు కనబడిన రోజు నుంచి ఆమె హోటలు వైపు వెళ్లలేదు, ఎందుకో చెప్పలేదు. పైగా ఆమె శుభ్రత గురించి క్యాంపులో ఒకరిద్దరితో తేలిగ్గా మాట్లాడాను.

"పుండు ఎన్నాల్లకొస్తాదని డాక్టరమ్మ అన్నాది?"

"సుమారు మూడు వారాలకు."

"అయితే లెక్కెట్టు. నీకొచ్చిన ఇద్దె అదే గదా."

లెక్కపెట్టాను. విశాఖపట్నం వెళ్లిన రోజు నాకు తెలుసు, హాజరు పట్టీలో నా గైర్హాజరు నేనే వేసుకున్నాను. పుండు కనబడింది ఇరవై రెండో రోజున. క్యాంపు ఆమెతో అప్పటికి నాలుగు నెలలైంది, నాకు గానీ ఆమెకు గానీ ఏమీ లేదు. విశాఖ నుంచి వచ్చాక కూడా మూడు వారాలు ఆమె దగ్గరికి వెళ్లాను. ఇన్నేళ్లూ ఆ కూడిక చెయ్యనివాణ్ని నేనే, చేతిలో వేళ్లున్నా. ఆమె నాకివ్వలేదు. నేనే ఆమెకిచ్చాను.

నా ముఖం చూసి ఆవిడకు జవాబు తెలిసిపోయింది. బిడ్డను ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చింది.

"మనకి అడిగినోల్లున్నారు, సూసినోల్లున్నారు, సూదులేసినోల్లున్నారు. ఇది దక్కింది. ఆయమ్మికి ఎవులున్నారు? ఎల్లి సీటీ ఇచ్చిరా."

"ఆమె ఎక్కడుందో..."

"కనుక్కో."

కొరాపుట్ వెళ్లి డాక్టరమ్మ దగ్గర చీటీలు రెండూ తీసుకున్నాను. గుర్తొచ్చిందా అంది. వచ్చిందన్నాను. విశాఖ చీటీ ఇవ్వడానికి పేరూ ఊరూ లేవు, అది అలాగే సంచీలో ఉండిపోయింది. రెండోదానికి బయల్దేరాను. సెమిలిగుడలో పాత క్యాంపు మేస్త్రీ ఒకడు, ఆమె క్యాంపు ఎత్తేశాక లారీ డ్రైవరు ఒకడిని కట్టుకుని లక్ష్మీపూర్ పోయిందన్నాడు. లక్ష్మీపూర్‌లో బస్సులు ఆగే చోట అడిగితే, అక్కడ రెండేళ్లు టీ కొట్టు పెట్టింది, తర్వాత రాయగడ పోయారు, రైల్వే గేటు దగ్గర అన్నారు. రాయగడకు రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి వేరే ఎవరినో చూపించారు, ఆమెకు డెబ్బై ఏళ్లు. రెండోసారి గేటు పక్కన మరమరాలు అమ్మే మనవాళ్ల ఆడమనిషి, నేను ఆనవాళ్లు చెప్పగానే తలూపింది.

"ఆయమ్మా? ఇక్కడే ఉండేది. ఇదిగో ఈ రేకు కిందే కొట్టు. ఎల్లిపోయింది గదా, ఏడాది దాటింది. నువ్వేటవుతావు?"

"తెలిసినవాణ్ని. ఎటు వెళ్లింది?"

"ఎవులికి తెలుసు. ఆ డ్రైవరు ఒగ్గేసేడు. పిల్లల్లేరని ఒగ్గేసేడు."

"పిల్లలు పుట్టలేదా?"

"పుట్టకేటి! నిలవలేదు. ఒకటి కడుపులోనే పోయింది, ఒకటి పుట్టి పోయింది... మూడో, నాలుగో."

"మూడా, నాలుగా?" అన్నాను.

ఆమె మరమరాల మీద చెయ్యి ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "ఏటి బావూ, సంతలో కోల్లేటి అయి? లెక్కెట్టి నీకేటి సెప్పమంటావు?"

ఏమీ వద్దన్నాను. ఆమె ఎప్పుడైనా వస్తే ఇవ్వమని చీటీ చేతికిచ్చాను. కొరాపుట్ పెద్దాసుపత్రికి ఇది పట్టుకెళ్లమను, మంచి మందు ఉంది, మూడే మూడు సూదులు, పిల్లలు నిలుస్తారని చెప్పమన్నాను. ఆమె దాన్ని డబ్బా కింద పెట్టింది. తర్వాత చాలా ఏళ్లు, బిడ్డ జ్వరానికో జలుబుకో కొరాపుట్ వెళ్లినప్పుడల్లా ఆ చీటీ వచ్చిందా అని డాక్టరమ్మను అడిగేవాణ్ని. ఆవిడ బదిలీ అయ్యాక వచ్చినావిణ్ని కూడా అడిగాను. రాలేదు.

ఇంటికి తిరిగొచ్చి జరిగింది చెప్పాను. నా భార్య అంతా విని, "మూడో నాలుగో అన్నాదా?" అని మాత్రం అడిగి, బిడ్డను ఉయ్యాల్లో వేసింది.

నాకు ఇప్పుడు నలభై అయిదు దాటాయి, అమ్మాయికి పదమూడు. ఏ లెక్కలో సందేహం వచ్చినా నా వైపు మొగ్గేలా సర్దుకునే అలవాటు నాది. మైళ్లలో, సూదుల్లో, వంతుల్లో అలాగే సర్దుకున్నాను. ఆ ఒక్క లెక్కలో సర్దుకోలేదు. నోట్‌బుక్కు చివరి పేజీలో ఆమె పేరు రాయకుండా, తేదీ వెయ్యకుండా, నాలుగు అని రాశాను. ఇచ్చుకోవాల్సింది ఇప్పటికీ అంతే. నాలుగు.